ముందు ఎడమ ఆర్మ్

శిరీషకు ముక్కు మీద కోపమని ఆ ఇంజినీరింగ్ కాలేజీలో అటెండరు దగ్గర్నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరికీ తెలుసు. మామూలుగా ఆ కోపానికి కారణం ఉండేది, లేని రోజున ఆమే వెతుక్కునేది. ఆ బుధవారం ఉదయం మాత్రం వెతుక్కోవాల్సిన పని పడలేదు. వర్క్‌షాపు వెనక ఎర్రమట్టి దిబ్బల నడుమ, ఏడాది పాటు అందరూ చెమటోడ్చి కట్టిన బగ్గీ ముందు ఎడమ చక్రం లోపలికి మడుచుకుని, మూతి నేలకు గుద్దుకుని పడి ఉంది.

బగ్గీ అంటే షోరూములో దొరికే బండి కాదు. రాళ్లూ గుంతలూ బురదా, ఏదడ్డొచ్చినా దూకించడానికి స్టూడెంట్లు సొంతంగా పైపులు వంచి, అతికి, ఇంజను పెట్టి తయారుచేసిన ఒంటి సీటు బండి. ఏటా దేశంలోని ఎన్నో కాలేజీలు ఇలాంటివి చేసుకుని పోటీకి వెళ్తాయి. ఈసారి పోటీ మధ్యప్రదేశ్‌లో. బండిని ఎక్కించుకుపోయే లారీ మర్నాడు మధ్యాహ్నం వస్తుంది. సరిగ్గా ఇలాంటి సమయం చూసుకునే చక్రం విరగాలి మరి.

బెల్టులు విప్పుకుని కమలాకర్ బయటికి దిగాడు. టీం కెప్టెన్ అతనే, డ్రైవరూ అతనే. మోచేయి గీరుకుపోయి రక్తం కారుతోంది. హెల్మెట్ తీసి దిబ్బ మీదికి విసిరికొట్టాడు.

"చెప్పిన్నా లేదా? లావు పైపు పెడదామని మొత్తుకున్నా లేదా? ఈమెకేమో బరువు తగ్గాలె. తగ్గింది చూడుండ్రి, చక్రమే ఊడింది."

"దూకుడు తగ్గించుమని నేను కూడ మొత్తుకున్న. నీకెక్కింది?" అంది శిరీష.

"దూకనీకె కాకపోతే ఎందుకు ఇది? కూరగాయలు తెచ్చుకోనీకెనా?"

విరిగింది చక్రాన్ని బండికి పట్టి ఉంచే కింది ఆర్మ్. రెండు సన్నటి పైపులు ఒక కొసన కలిసే, ఇంగ్లీషు A అక్షరంలాంటి భాగం. బండి గుంతలో పడి లేచినప్పుడల్లా భారమంతా దాని మీదే పడుతుంది. ముందు చక్రాల సస్పెన్షన్, అంటే ఈ ఆర్మ్‌లన్నీ శిరీషే గీసింది, శిరీషే లెక్కలు కట్టింది. ఖరీదైన క్రోమోలీ పైపు, సన్నగా ఉన్నా మామూలు లావు పైపుకంటే గట్టిది, కావాలని పట్టుబట్టి తెప్పించింది కూడా ఆమే. ఇప్పుడది పుల్ల విరిగినట్టు విరిగి ఆమె కాళ్ల దగ్గరే పడి ఉంది.

స్వర్ణ మేడం వచ్చేసరికి కమలాకర్ తీర్పు కూడా చెప్పేశాడు. ఆమె టీంకు బాధ్యురాలైన లెక్చరర్. అక్కర్లేని మాట ఒక్కటీ మాట్లాడని మనిషి.

"మేడం, డిజైన్ జడ్జీల ముందట ఈమె నిలబడితే మన పరువు గంగల కలుస్తది. సస్పెన్షన్ సంగతి వెల్డింగ్ చేసిన ఇమ్మానుయేల్ చెప్తడు. పైపు కూడ మారుద్దం. వాణ్ణి తార్నాకకు తోలిన, లావు పైపు కోయించుకొస్తడు."

శిరీషకు ఒళ్లు మండిపోయింది. ఆ పోటీలో బండి పరుగు ఒక ఎత్తయితే, జడ్జీల ముందు నిలబడి ఏ భాగం ఎందుకలా చేశారో చెప్పుకోవడం ఇంకో ఎత్తు. మామూలుగా ఎవరు చేసింది వాళ్లే చెప్తారు. కిందటేడు టీంలో చేరితే ఆమె చేత చక్రాలు కడిగించారు, పోస్టర్లకు రంగులు వేయించారు, జడ్జీలు వచ్చినప్పుడు మాత్రం వెనక నిలబడమన్నారు. మగపిల్లలు సగం తప్పులు చెప్తుంటే నోరు కట్టుకుని విన్నది. ఈ ఏడు తన చేతి పనిని తన నోటితో చెప్పుకోవాలని, ఆ ఒక్క కోరిక కోసమే సెలవుల్లో కూడా లాలాగూడ నుంచి రోజూ క్యాంపస్‌కు వచ్చి చచ్చింది.

"ఎందుకు విరిగిందో తెలుసుకోకుండానే పైపు మార్చేస్తారా?" అంది స్వర్ణ మేడం. "శిరీషా, సాయంత్రం నా రూముకు రా. కారణం చెప్పు. తప్పు నీ డిజైన్‌లో ఉంటే ఇమ్మానుయేల్ నిలబడతాడు. లేదంటే నువ్వే నిలబడతావు. అందాకా ఎవరూ అరవద్దు."

ఎవరూ అరవద్దన్న మాట మేడం శిరీషను చూసే అంది.

విరిగిన ముక్కలు విప్పుకుని శిరీష వర్క్‌షాపు మెట్ల మీద కూర్చుంది. డీజిలుతో మట్టంతా కడిగి, పగిలిన అంచును వెలుతురుకు పెట్టి చూసింది. అంచు చాలా మేరకు కొత్త గిన్నెలా తళతళలాడుతోంది. ఒక పక్క, గోరంత మేర మాత్రం తుప్పు రంగు. తుప్పు పట్టిందంటే అక్కడ పగులు ఇవాళ్టిది కాదు. ఎప్పట్నుంచో ఉండి, లోపల్లోపల పాకి, ఇవాళ మిగతాదాన్ని కూడా తెంపేసింది.

తుప్పు మచ్చ పక్కనే నల్ల పెయింటు కొంచెం మందంగా ఉంది. బ్లేడు పెట్టి గీకింది. కింద చదునుగా అరగదీసిన మచ్చ, దాని చుట్టూ వెల్డింగ్ ఉంగరం. ఎవరో అక్కడ చిన్న నట్టు లాంటిదేదో అతికారు. తర్వాత గ్రైండరుతో కోసేసి, కనబడకుండా రంగు పూశారు. ఆ రకం పైపు మీద అనుకోని చోట వెల్డు చుక్క పడితే చుట్టూ ఉన్న ఇనుము పెళుసుబారిపోతుంది. అందుకే ఆర్మ్‌ల దగ్గరికి నిప్పు తేవద్దని ఆమె మొదట్నుంచీ అందరి చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరింది.

నట్టు ఎందుకు అతికారో ఆలోచించాల్సిన పనే లేకపోయింది. దసరాకు వర్క్‌షాపులో ఆయుధపూజ చేశారు. బండిని కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొట్టారు. ఇంటివాళ్లను పిలుచుకోమంటే అందరి తల్లిదండ్రులూ డబ్బాలు కట్టుకుని వచ్చారు. మర్నాడు శిరీష వచ్చి చూస్తే ఎడమ ఆర్మ్ కింద నిమ్మకాయ, పచ్చిమిరపకాయల దిష్టి దండ వేలాడుతోంది. "నా సస్పెన్షన్ మీద ఈ తాలింపు ఎవరు పెట్టిండ్రు?" అని ఒంటికాలి మీద లేచి, దారం కత్తిరించి చెత్తబుట్టలో పారేసింది. కట్టింది ఎవరో బయటపడలేదు. ఆ దారం దేనికి కట్టి ఉందో ఆ కోపంలో ఎవరు చూశారు?

కట్టింది కమలాకరేనని ఆమె ఆనాడే తీర్మానించుకుంది. మౌలాలి దర్గా తాయెత్తు ఒక జబ్బకు, ఎల్లమ్మ గుడి దారం ఇంకో చేతి మణికట్టుకు, ఏ దేవుణ్ణీ నొప్పించని మనిషి అతను. అతను చెప్పి ఉంటాడు, వెల్డింగ్ చేసే ఇమ్మానుయేల్ అతికి ఉంటాడు. టీంలో వెల్డింగ్ మిషను పట్టేది అతనొక్కడే. పైగా ఇద్దరూ ఒకే కంచంలో తినే స్నేహితులు. ఇప్పుడు తప్పంతా తన నెత్తిన రుద్ది, తన చోట ఆ ఇమ్మానుయేల్‌నే నిలబెట్టాలని చూస్తున్నారు. ఆమెకు సంతోషమూ కోపమూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

ముక్కల్ని చున్నీలో చుట్టుకుని ఆటో ఎక్కింది. తార్నాకలో మెట్రో కింద పైపుల దుకాణం ముందు ఇమ్మానుయేల్ దొరికాడు. లావు పైపు కోత పడుతుంటే పక్కన నిలబడి చాయ్ తాగుతున్నాడు. మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల పిల్లవాడు. టీంలో అందరికంటే తక్కువ మాట్లాడతాడు, చేతి పని మాత్రం అందరికంటే శుభ్రం. దసరా గొడవ నుంచి శిరీషతో మాటల్లేవు.

ఆమె పలకరింపులేమీ పెట్టుకోలేదు. ముక్కను అతని మొహం ముందుకు తోసింది.

"గిదేంది?"

ఇమ్మానుయేల్ చూశాడు. గీకిన చోటు చూడగానే అతని మొహం మారిపోయింది. చాయ్ గ్లాసు గట్టు మీద పెట్టాడు.

"గాడ్నుంచే విరిగిందా?"

"మరి నాటకమేంది? నట్టు నువ్వే పెట్టినవు కదా?"

"నేనే పెట్టిన."

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. అందుకు ఇంకా కోపం వచ్చింది.

"క్రోమోలీ మీద చుక్క పెట్టొద్దని వెల్డింగ్ చేసేటోనికి తెల్వదా?"

"చిన్న నట్టు, చిన్న వెల్డు చుక్క. ఏం కాదనుకున్న. తప్పే, కాదంటలే."

"తీసేసినప్పుడన్న చెప్పినవా? రంగు పూసి దాచిపెడతవా? దొంగపని కాదా ఇది?"

"నిమ్మకాయలు చూసే నువ్వు గంతగనం ఎగిరినవు. నట్టు చూస్తే బతకనిస్తుంటివా? తీసేస్తే పోయిందనుకున్న. నీకు ఒక మాట చెప్పాల్నంటే మనిషి ముందుగాల పదిసార్లు ఆలోచించుకోవాలె శిరీషా. ఎవరం చెప్పం. ఎందుకు చెప్తం, తిట్లు తిననీకెనా?"

"కమలాకరే కట్టుమన్నడు కదా?"

"కాదు."

"అబద్ధం."

"అబద్ధమే అనుకో."

"మరెవరు?"

ఇమ్మానుయేల్ పైపు కోసే మిషను వైపు చూశాడు. నిప్పురవ్వలు రోడ్డు దాకా ఎగిరి పడుతున్నాయి.

"అడిగిండ్రు, పెట్టిన. పెట్టింది నేను, రంగు పూసింది నేను. మేడంకు చెప్పుకుంటవా, పోయి చెప్పుకో, నా పేరే చెప్పు. ఇంకొకళ్ల పేరు నా నోట్లకెళ్లి రాదు."

"మీ దోస్తుగాణ్ణి బాగనే కాపాడుకుంటున్నవు. నువ్వు నమ్మేది యేసునాయె. నిమ్మకాయలకు నట్లెందుకు పెట్టినవో, మీ చర్చిల అడిగితే గిట్లనే చెప్తవా?"

అది అనకూడని మాట అని, అంటూ ఉండగానే ఆమెకు తెలిసింది. అయినా అనేసింది. ఇమ్మానుయేల్ కోసిన పైపు భుజాన వేసుకుని, సగం తాగిన చాయ్ అక్కడే వదిలేసి బస్టాపు వైపు వెళ్లిపోయాడు.

సాయంత్రం స్వర్ణ మేడం గదిలో, కమలాకర్, ఇమ్మానుయేల్ ఇద్దరి ముందూ శిరీష కత్తి దూసినట్టు మాట్లాడింది. తుప్పు మచ్చ చూపించింది, వెల్డు ఉంగరం చూపించింది. కుడి ఆర్మ్ కూడా విప్పి తెచ్చింది. అదే పైపు, అదే కొలతలు, అవే దిబ్బల మీద అన్నాళ్లూ ఎగిరినా వెంట్రుకంత పగులు లేదు. మేడం భూతద్దం పెట్టి చాలాసేపు చూసి తల ఊపింది.

"డిజైన్‌లో తప్పు లేదు. ఎవరు చేశారిది?"

"ఇమ్మానుయేల్," అంది శిరీష. "దిష్టి దండ కట్టనీకె నట్టు పెట్టిండు. నాకు తెలుస్తదని కోసేసి రంగు పూసిండు. వేరే వాళ్లు పెట్టుమన్నరంట. ఎవరో మాత్రం చెప్పడంట." చివరి మాట కమలాకర్‌ను చూస్తూ అంది.

"నన్నెందుకు గుర్రుగ చూస్తున్నవ్? నాకేం తెల్వదు," అన్నాడు కమలాకర్.

"ఎవరు పెట్టమన్నారు ఇమ్మానుయేల్?" అడిగింది మేడం.

ఇమ్మానుయేల్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఒక్క క్షణం అతను శిరీష వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అదేమిటో ఆమెకు అర్థం కాలేదు, అర్థం చేసుకునే ఓపికా లేదు.

"తప్పు నాదే మేడం," అన్నాడు.

"వెల్డు పెట్టడం పొరపాటే అనుకుంటాను. దాచడం పొరపాటు కాదు. ఇవాళ కమలాకర్ మెడ విరిగేది. నువ్వు టీంలో ఉండొద్దు. తాళాలు ఇచ్చి వెళ్లు."

అతను వర్క్‌షాపు తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. తలుపు కూడా చప్పుడు కాకుండా వేశాడు.

కమలాకర్ మాత్రం ఊరుకోలేదు. "అయిపోయిందా? కడుపు నిండిందా? జడ్జీల ముందట నిలబడుపో ఇగ. ఆ పైపు అతకనీకె వాడు తప్ప టీంల ఎవనికొస్తది? కొత్త ఆర్మ్ ఎవరు చేస్తరు, మీ నాయననా?"

"బయట చేయిస్త. నీ సాయం అక్కర్లే," అంది శిరీష.

బయట చేయించడం అంటే నోటి మాట కాదని మెట్లు దిగకముందే తెలిసిపోయింది. తార్నాక నుంచి మౌలాలి దాకా ఎన్ని వెల్డింగ్ షాపులకు ఫోన్లు చేసినా గేట్లూ గ్రిల్సూ అయితే చేస్తాం, ఆ సన్నపు పైపు ముట్టుకోం అన్నారు. అయినా ఆమె గెలిచినట్టే నడిచింది. జడ్జీల ముందు నిలబడేది తనే. ఆ ఒక్క మాట తలుచుకుంటూ లాలాగూడ క్వార్టర్ చేరింది.

తల్లి బుచ్చవ్వ పొయ్యి ముందు మురుకులు వత్తుతోంది. ప్రయాణానికి డబ్బాలు సర్దే పనిలో ఇల్లంతా నూనె వాసన.

"అచ్చినవా బిడ్డా? రేపేనాయె పోవుడు. గీ పెద్ద డబ్బా మీ అందరికి. గీ చిన్నది ఆ మెట్టుగూడ పిలగానికి ఇయ్యి. ఏం పేరు? ఇమ్మానుయేల్."

చెప్పులు విప్పుతున్న శిరీష చెయ్యి ఆగిపోయింది.

"అతనికెందుకు?"

"మంచి పిలగాడే. నా మాట తీసెయ్యలే," అంటూ ఏదో చెప్పబోయి బుచ్చవ్వ నాలుక కరుచుకుంది. "ఏం లేదులే."

"ఏం మాట తీసెయ్యలే? అమ్మా, ఏం మాట?"

"కోపం చేయనంటె చెప్త."

"చెప్పు."

"దసరనాడు అచ్చిన గద. అందరు బండి చుట్టు మూగి, గా శిరీషనే చేసిందట, గా పిల్లనే చేసిందట అనవట్టిరి. అందరి కండ్లు నీ మీదనే. మొగపిలగాండ్ల నడుమ నువ్వొక్కదానివి. నాకు గుండెల దడ పుట్టింది. ఆ పిలగాడు ఒక్కడే ఉన్నప్పుడు పోయి, మా బిడ్డ చేసింది ఏదయ్యా అని అడిగిన. గిదే అమ్మా అని వంగి చూపెట్టిండు. గాడనే దిష్టిదండ కట్టుమన్న. ఉట్టి దారమైతే మట్టిల తెగిపోతది, నిలిచేటట్టు చెయ్యి బిడ్డా అన్న. వద్దమ్మా, శిరీష తిడుతది అన్నడు. మస్తు బతిమిలాడిన. నా పేరు మాత్రం దానికి చెప్పకు, ఇంట్ల నన్ను బతకనియ్యదు అని చేతిల చెయ్యి ఏయించుకున్న."

శిరీష అక్కడే గడప మీద కూలబడింది. మామూలుగా అయితే ఆ క్వార్టర్ల వరుస మొత్తం వినేలా అరిచేది. ఇప్పుడు విప్పిన చెప్పును పట్టుకునే ఉండిపోయింది. ఆ నట్టు అతికింది తన మీద పగతో కాదు, ఆటపట్టించడానికీ కాదు. ఆ బండిలో తన బిడ్డ చేసింది ఏదో అడిగి తెలుసుకుని, దానికి ఎవరి కళ్లూ తగలకూడదని తల్లి కట్టించుకుంది. చేతిలో చెయ్యి వేశాడు కాబట్టి అతను పేరు చెప్పకుండా తాళాలు అప్పగించి పోయాడు. తను అతన్ని నిలువునా బయటికి గెంటించింది, పైగా చర్చి పేరెత్తి దెప్పింది.

"ఏమాయె బిడ్డా? బండి మంచిగనే ఉన్నది కదా?" అంది బుచ్చవ్వ బెదురుగా.

"మంచిగున్నది," అంది శిరీష.

నిజం చెప్పలేకపోవడం ఆమెకు అదే మొదటిసారి.

పొద్దున్నే మెట్టుగూడ వెళ్లింది. ఇమ్మానుయేల్ క్వార్టర్ ముందు బైకు కడుగుతున్నాడు. ఆమెను చూసి కూడా పైపులో నీళ్లు ఆపలేదు.

"అమ్మ చెప్పింది," అంది.

"అయితే?"

"నిన్ననే చెప్తే ఏమైతుండె? నీ పేరు పోకపోతుండె కదా?"

"నీ మీద జాలితోని నోరు మూసుకున్ననని అనుకుంటున్నవేమో. కాదు. మాటిచ్చిన ఆ అమ్మకు. నువ్వు గిప్పుడొచ్చి ఏడ్చినా నాకేం లేదు."

"ఏడుస్తలేను."

"మంచిది."

"మేడంకు అంతా చెప్త. మళ్ల టీంలకు రా. ఆర్మ్ నువ్వే చెయ్యాలె. లారీ వచ్చే టైమయితున్నది."

ఇమ్మానుయేల్ అప్పుడు నీళ్లు కట్టేశాడు.

"చేస్త. బండి నాది కూడ. కానొక్క మాట. నువ్వు రావొద్దు. అక్కడ పగలు రాత్రి ఒకే టెంటుల నీ మొహం చూసుకుంట, నీ మాటలు పడుకుంట నాతోని కాదు. నువ్వు వస్తే నేను రాను. నేను వస్తే నువ్వు వద్దు. ఏదో ఒకటి తేల్చుకో."

శిరీషకు పిడికిలి బిగుసుకుంది. డిజైన్ తనది, తప్పు తనది కాదని రుజువైంది, ఆ చోటు మేడం నోటితో ఇచ్చింది. కాదని ఎవడనగలడు? కానీ తను పట్టుబట్టి లారీ ఎక్కితే ఆ బండికి ముందు చక్రం ఉండదు. జడ్జీల ముందు నిలబడి దేన్ని చూపిస్తుంది? విరిగిన ముక్కల్నా? తను లారీ ఎక్కితే ఆర్మ్ ఎక్కదు. తను ఆగిపోతే ఆర్మ్ అయినా పోటీకి వెళ్తుంది. ఎన్నిసార్లు తిప్పి చూసినా లెక్క అలాగే వచ్చింది.

"నువ్వే పో," అంది.

అతను నమ్మనట్టు చూశాడు. ఆమె మురుకుల డబ్బా బైకు సీటు మీద పెట్టింది. "ఇది అమ్మ ఇచ్చింది. నేను కాదు," అని వెనక్కి చూడకుండా నడిచింది.

మేడం గదిలో అందరి ముందూ చెప్పింది. నట్టు తన తల్లి అడిగి పెట్టించుకుందనీ, తను తిడతానన్న భయంతోనే అందరూ దాచారనీ ఉన్నదున్నట్టు చెప్పింది. కమలాకర్ బిగ్గరగా నవ్వాడు. నిన్నటి దెబ్బంతా వడ్డీతో తీర్చుకున్నాడు.

"వారెవ్వా! క్రోమోలీ పైపు, కంప్యూటర్ల డిజైను, కింద అమ్మగారి నిమ్మకాయలు. మాకేమో నీతులు. నిమ్మకాయల ఇంజినీరు అని బోర్డు పెట్టుకో."

తక్కినవాళ్లు కూడా నవ్వారు. శిరీష పళ్లు బిగించి నిలబడింది. తల్లిని ఎగతాళి చేస్తుంటే ఊరుకోవడం ఆమె పుట్టాక చెయ్యని పని.

"చాలు," అంది స్వర్ణ మేడం. "ఇమ్మానుయేల్‌ను పిలవండి. జడ్జీల ముందు మాత్రం శిరీషే."

"నేను పోతలేను మేడం," అంది శిరీష. "ఇమ్మానుయేల్‌కు వెల్డింగ్ చూసుకునే పని ఉంటది. కమలాకర్ నిలబడతడు. వానికి నేర్పిస్త."

కమలాకర్ నవ్వు ఆగిపోయింది. మేడం ఎందుకని అడగబోయి, ఆమె మొహం చూసి మానుకుంది.

వర్క్‌షాపులో ఇమ్మానుయేల్ మాస్కు వేసుకుని కూర్చున్నాడు. మిగిలిన క్రోమోలీ పైపులోంచి కోసిన కొత్త ముక్కలు కదలకుండా పట్టుకోవడానికి మనిషి కావాలి. ఎవరూ ముందుకు రాకపోతే శిరీషే గ్లోవ్స్ తొడుక్కుని పట్టుకుంది. అతను వద్దనలేదు. వెలుగు కళ్లలో పడకుండా మొహం పక్కకు తిప్పుకుని, ఆ వైపు స్టూలు మీద కూర్చున్న కమలాకర్‌కు పాఠం చెప్పింది. పాఠమంటే తిట్టినట్టే ఉంది.

"పైపు ఎందుకంత సన్నంగ పెట్టిండ్రని అడుగుతరు. బరువు తగ్గనీకె అని ఊకోకు. చక్రం దగ్గర బరువు తగ్గితే గుంతల పడి లేచినప్పుడు టైరు నేలను గట్టిగ పట్టుకుంటదని చెప్పు. ఏదీ, చెప్పు."

కమలాకర్ చెప్పాడు. సగం తప్పు చెప్పాడు. ఆమె మళ్లీ చెప్పించింది. రెండోసారికి కాస్త నయం. మూడోసారికి అతని గొంతులో ఎకసెక్కం పోయి ధ్యాస వచ్చింది. పుస్తకం తెరిచి బొమ్మ గీసుకున్నాడు. తను రాత్రింబవళ్లు మనసులో చెప్పుకున్న మాటలు, ఆ జడ్జీలు తల ఊపుతారనుకున్న మాటలు, ఇప్పుడు వాడి నోట్లోంచి వస్తున్నాయి. అయినా ఒక్కటీ దాచుకోలేదు.

"టెస్టుల విరిగిందా అని కూడ అడుగుతరు. విరిగిందని చెప్పు. అబద్ధమాడితే మళ్ల తిప్పి అడుగుతరు, దొరికిపోతవు."

"ఎందుకు విరిగిందంటే?"

"పెట్టగూడని చోట వెల్డు పెట్టినం, తీసేసి రంగు పూసినం, ఆడ్నుంచే పగులు పాకిందని చెప్పు. తుప్పు మచ్చ ఫోటో చూపెట్టు. ఆ తర్వాత ప్రతి పరుగుకు ముందు ఆర్మ్‌లు కడిగి చూస్తున్నమని చెప్పు."

కమలాకర్ రాసుకున్నాడు. పెన్ను నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించాడు. ఈసారి ఎగతాళి లేకుండానే అడిగాడు.

"మరి ఆ తప్పు ఎవరిదని అడిగితే? ఎవరి పేరు చెప్పాలె?"

వెల్డింగ్ మంట ఆగింది. ఇమ్మానుయేల్ మాస్కు పైకెత్తాడు.

"నా పేరు చెప్పు," అంది శిరీష.

ఇమ్మానుయేల్ ఆమె వైపు కాకుండా ఆమె చేతుల వైపు చూశాడు.

"పైపు కదులుతున్నది. గట్టిగ పట్టుకో," అని మాస్కు దించి మళ్లీ మంట వెలిగించాడు.